ఆడవాళ్ల పార్శ్వపు నొప్పి: మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఎక్కడ ఆపాలి?

నాకు పద్నాలుగో ఏట మొదలైంది, ఇప్పుడు 41. మాది హనుమకొండ. మా ఇంట్లో నాకు, మా చెల్లెకు, మేనకోడలికి ముగ్గురికీ ఈ నొప్పి ఉంది. మా స్కూల్ స్టాఫ్ రూమ్‌లో ఎవరు నుదురు పట్టుకుని కూర్చున్నా నా దగ్గరికే పంపుతారు. ఇన్నేళ్లుగా నేను చూస్తున్నవి రెండే తప్పులు. మాత్ర ఆలస్యంగా వేసుకుంటారు, లేదా లెక్క లేకుండా వేసుకుంటారు. రెండూ చేసేవాళ్లు కూడా ఉన్నారు.

ముందుగా మీది మైగ్రేనో, అంటే పార్శ్వపు నొప్పో కాదో చూసుకోండి. ఎక్కువగా తలలో ఒకవైపే నాడి కొట్టుకున్నట్టు పోటు పొడుస్తుంది, కొందరికి రెండు వైపులా వస్తుంది. నాలుగు మెట్లెక్కితే పెరుగుతుంది. వెలుతురు, చప్పుడు పడవు, కడుపులో తిప్పుతుంది. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. కొందరికి నొప్పికి ముందు 5 నుంచి 60 నిమిషాల పాటు కళ్ల ముందు వంకర గీతలు మెరుస్తాయి, చేయి తిమ్మిరెక్కుతుంది. దీన్ని డాక్టర్లు ఆరా అంటారు. మీకు ఇది ఉంటే తప్పకుండా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది. మైగ్రేన్‌లో ముక్కు కారడం, కళ్లలో నీళ్లు రావడం కూడా ఉంటాయి. అందుకే మా చెల్లె మూడేళ్లు సైనస్ అనుకుని యాంటీబయాటిక్ కోర్సులు మింగింది. జ్వరం లేదు, చీమిడి చిక్కగా లేదు, అయినా ఎవరూ అనుమానించలేదు.

ఇది టెన్షన్ వల్ల వచ్చేదనీ, పని తప్పించుకునే సాకు అనీ అనేవాళ్లకు ఒక్క విషయం చెప్పండి. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు మైగ్రేన్ దాదాపు 3 రెట్లు ఎక్కువ, ఆ తేడా మొదలయ్యేది పెద్దమనిషి అయ్యాకే. నెలసరికి ముందు ఒంట్లో ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పడిపోవడమే చాలామందిలో నొప్పిని లేపుతుంది.

ఇక మొదటి పని, క్యాలెండర్. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరే కావాలి. ఫోన్ యాప్ వద్దు. నొప్పి వచ్చినప్పుడు ఫోన్ వెలుతురు చూడలేం, తర్వాత రాద్దామంటే మర్చిపోతాం. పైగా మన క్యాలెండర్‌లో ఏకాదశి, అమావాస్య, పండుగలు అచ్చు వేసి ఉంటాయి కాబట్టి ఒక్కపొద్దు ఉన్న రోజుకూ నొప్పికీ సంబంధం కంటికి కనిపిస్తుంది. నొప్పి వచ్చిన రోజు ఎర్ర పెన్నుతో గీత, డేట్ (నెలసరి) వచ్చిన రోజు సున్నా, మాత్ర వేసుకుంటే టిక్కు. ఇంతే రాయండి. మూడు నెలలు రాశాక చూసుకోండి. డేట్ రావడానికి 2 రోజుల ముందు నుంచి వచ్చిన 3వ రోజు వరకు, 3 నెలల్లో కనీసం 2 నెలలు నొప్పి పడుతుంటే అది నెలసరి మైగ్రేన్. డేట్ సరిగ్గా వచ్చేవాళ్లకు డాక్టర్లు ఆ కొన్ని రోజులకు మాత్రమే ముందుజాగ్రత్తగా మందు రాయగలరు. క్యాలెండర్ లేకుండా వెళితే ఆ మాట అడగడం కూడా మీకు తోచదు.

రెండో పని మాత్ర. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

మాత్ర నొప్పి చిన్నగా ఉన్నప్పుడే వేసుకోవాలి. "జర ఆగి చూద్దాం, ఊకె మందులు తినొద్దు" అని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. వేరే నొప్పులకు ఆ మాట మంచిదేమో కానీ మైగ్రేన్‌కు పనికిరాదు. నొప్పి ముదిరిన కొద్దీ కడుపు కదలిక మందగిస్తుంది. మింగిన మాత్ర ముందుకు జరగక అక్కడే ఉండిపోతుంది, లేదంటే వాంతిలో పోతుంది. మా స్కూల్‌లో ఒక టీచర్ ఉదయం పదింటికి మొదలైన నొప్పిని భరిస్తూ పరీక్ష డ్యూటీ చేసి, సాయంత్రం ఇంటికి వెళ్లాక మాత్ర వేసుకునేది. ప్రతిసారీ "నాకు మందు పనిచేయదు" అనేది. అదే మాత్ర మొదటి అరగంటలో వేసుకోవడం మొదలుపెట్టాక మధ్యాహ్నానికి మామూలు మనిషి అయ్యేది. హ్యాండ్‌బ్యాగ్‌లో మాత్రలు, నీళ్ల సీసా, రెండు బిస్కెట్లు ఎప్పుడూ ఉండాలి. కడుపు తిప్పే రకం అయితే వాంతి ఆపే మాత్ర కూడా డాక్టర్‌తో రాయించుకోండి, నొప్పి మాత్ర ఒంటికి పట్టడానికి అది సాయపడుతుంది.

డోసు సగం చేయొద్దు. డాక్టర్ రాసిన డోసు మొత్తం ఒకేసారి వేసుకోవాలి. ఇప్పుడు సగం, ఇంకో రెండు గంటలకు సగం వేసుకుంటే రెండు సగాలూ దండగ. మామూలు నొప్పికి పారాసిటమాల్, నాప్రోక్సెన్ లాంటివి చాలు. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లు అడగకుండా నాప్రోక్సెన్ ముట్టుకోవద్దు. వీటికి లొంగకపోతే సుమట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మందులు రాస్తారు. ఇవి నొప్పి మొదలయ్యాక వేసుకోవాలి, కళ్ల ముందు గీతలు మెరుస్తున్నప్పుడు కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు పనికిరావు. మెడికల్ షాపులో చీటీ లేకుండా చేతిలో పెట్టే మైగ్రేన్ మాత్రల్లో కొన్నింట్లో ఎర్గోటమైన్ ఉంటుంది. అట్ట వెనక పేరు చదవండి. ఎర్గోటమైన్‌కు, ట్రిప్టాన్‌కు మధ్య కనీసం 24 గంటలు ఉండాలి. గర్భిణులు ఎర్గోటమైన్ అసలు వేసుకోకూడదు.

ఇక లెక్క సంగతి. త్వరగా వేసుకోమన్నాను కదా అని రోజూ వేసుకుంటే ఆ మాత్రే కొత్త తలనొప్పిని పుట్టిస్తుంది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్ గానీ ఎర్గోటమైన్ గానీ రెండు మూడు మందులు కలిపిన మాత్ర గానీ నెలకు 10 రోజులు దాటి మూడు నెలలకు పైగా నడిస్తే ఆ స్థితికి వస్తారు. నా ఇంట్లో నేను పెట్టిన హద్దు వారానికి 2 రోజులు. మూడో టిక్కు పడితే డాక్టర్ దగ్గరికి నడవాల్సిందే.

మా వదినది జగిత్యాల వైపు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టాలంటే పొద్దంతా మెడ వంచి, పొగాకు ఘాటులో కూర్చోవాలి. పొద్దున్నే టీతో పాటు కిరాణా షాపు మాత్ర ఒకటి, పని ఆగకుండా. నొప్పి తగ్గని రోజు ఆర్‌ఎంపీ దగ్గర సూది. క్యాలెండర్ ఇచ్చి రాయమంటే నెలకు 22 టిక్కులు తేలాయి. డాక్టర్‌కు చూపించి ఆపించాం. మొదటి పది రోజులు నొప్పి అంతకుముందు కంటే ఎక్కువైంది, వాంతులయ్యాయి, "నన్ను చంపుతున్నారు" అని ఏడ్చింది. ఆ పది రోజులు పక్కన మనిషి ఉండాలి, లేకపోతే మళ్లీ షాపుకే వెళతారు. మూడో నెలకు గీతలు 6కు దిగాయి. సూది వేయించుకోవడం తప్పని నేను అనను. నెలకు ఎన్నిసార్లు వేయించుకున్నారో ఎవరూ రాసిపెట్టకపోవడం తప్పు.

నెలకు 4 రోజులకు మించి నొప్పి పడుకోబెడుతుంటే రోజూ వేసుకునే నివారణ మందు గురించి అడగండి. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునరిజిన్ లాంటివి ఇస్తారు. ఆస్తమా ఉంటే ప్రొప్రనలాల్ పనికిరాదు, ముందే చెప్పండి. ఇవి పని చూపడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలకే "తగ్గలే" అని మానేయొద్దు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఆ మాట మొదటే చెప్పాలి. వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

తిండి, నిద్ర గురించి పెద్దగా చెప్పను. వేళకు తినండి, వేళకు పడుకోండి. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో మా ముగ్గురికీ నొప్పి లేచేది. పువ్వులు పేర్చే హడావుడిలో అన్నం మానేయడం, రాత్రి డీజే చప్పుడు, సగం నిద్ర అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఇప్పుడు ఆటకు వెళ్లే ముందు అన్నం తిని, చెవుల్లో దూది పెట్టుకుని వెళతాం. నుదుటికి శొంఠి పట్టు, బామ్, తలకు బిగించి గుడ్డ కట్టడం ఏవైనా చేసుకోండి, కానీ మాత్ర వేసుకున్న తర్వాతే.

ఆరా ఉందని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకు. ఆరా ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. జాతరకో, వ్రతానికో డేట్ వాయిదా వేసే మాత్రలు కూడా షాపులో అడిగి తెచ్చుకోవద్దు, ఆరా సంగతి చెప్పి డాక్టర్‌తోనే రాయించుకోండి.

కొన్ని తలనొప్పులకు క్యాలెండర్‌తో, మాత్రతో పని లేదు. పిడుగు పడ్డట్టు క్షణంలో తారస్థాయికి వెళ్లే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడడం, కాలూ చేయీ పడిపోవడం, ఫిట్స్, 50 దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, వీటిలో ఏది ఉన్నా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి గానీ దగ్గర్లోని పెద్దాసుపత్రి గానీ, అర్ధరాత్రయినా బయల్దేరండి. గర్భిణికి అయిదో నెల దాటాక కొత్తగా తలనొప్పి వస్తే ఆ రోజే బీపీ చూపించాలి. బాలింతకు తలనొప్పి తగ్గకుండా పెరుగుతుంటే గాలి సోకిందని చెవుల్లో దూది పెట్టి గదిలో పడుకోబెడతారు. కాన్పు తర్వాత మెదడు సిరల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఆ తలనొప్పికి ఇంట్లో ఏ మందూ చేయకండి, బిడ్డను ఎవరి చేతికైనా ఇచ్చి తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లండి.