కొరికే కుక్కతో కాపురం – మూడో పాఠం: లాక్కోవద్దు, మార్చుకోండి

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. వారం రోజులపాటు మీ కుక్క ఏం కొరికింది, ఏ వేళప్పుడు, ఎక్కడ, ఆ సమయంలో ఇంట్లో ఎవరున్నారు అన్నది నోట్‌బుక్‌లో రాయమన్నాను. రాసినవాళ్లు ఆ పేజీలు ముందు పెట్టుకోండి. రాయనివాళ్లు కూడా చదవొచ్చు గానీ, ఈ పాఠం మీకు సగమే అందుతుంది.

ముందు ఒక జల్లెడ పడదాం. కొరికిన గుర్తులన్నీ గుమ్మం చుట్టూ, కిటికీ అంచుల్లోనే ఉన్నాయా? మీరు ఇల్లు దాటిన కాసేపటికే మొదలవుతోందా? ఫోన్‌లో వీడియో పెట్టి వెళ్తే తెలిసిపోతుంది. అలాగైతే అది అల్లరి కాదు, ఒంటరిగా ఉండలేని భయం. దానికి వేరే దారి ఉంది, అయిదో పాఠంలో చూద్దాం. ఈలోపు పశువైద్యుడితో మాట్లాడండి. రాళ్లు, గోడ సున్నం, గుడ్డ పీలికలు కొరకడమే కాకుండా మింగేస్తుంటే కూడా ముందు డాక్టరు దగ్గరికే.

మిగిలినవాళ్లు కుక్క వయసు చూసుకోండి. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. మూడు నాలుగు నెలల వయసులో అవి ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్ల సలుపుకి ఏదో ఒకటి నమలక తప్పదు. పళ్లన్నీ వచ్చాక ఇక మానేస్తుందని చాలామంది ఎదురుచూస్తారు. మానదు. పెద్ద కుక్కకి కూడా నమలడం కాలక్షేపం, మనసుకి నెమ్మది. కాబట్టి మన పని నమలడం మాన్పించడం కాదు, నమిలే వస్తువుని మార్పించడం.

ఇక అసలు విద్య. నోట్లో ఉన్నదాన్ని దాని అంతట అదే వదిలేలా చేయడం.

మా మొదటి కుక్క ఒకసారి సాక్సు ఎత్తుకెళ్లింది. ఇంటిల్లిపాదీ కేకలేస్తూ దాని వెంట పడ్డాం. దానికి అంతకంటే మంచి ఆట ఏముంటుంది? చివరికి మంచం కింద మూల దొరికించుకుని నేను చెయ్యి చాచాను. అది గుటుక్కున మింగేసింది! డాక్టరు మందిచ్చి వాంతి చేయించారు కాబట్టి బతికిపోయాం. (ఇది ఇంట్లో మీరే చేయబోకండి.) సాక్సు పేగుల్లో అడ్డం పడితే ఆపరేషనే. ఆ తర్వాత చాలాకాలం, నన్ను చూస్తే చాలు, నోట్లో ఉన్నది గబగబా మింగేసేది. దానికి ఆ పని నేర్పింది నేనే.

సాధన ఇలా చేయండి. కుక్కకి పెద్దగా మోజు లేని బొమ్మతో మొదలుపెట్టండి, చెప్పుతో కాదు. అది నములుతుండగా దాని ముక్కు దగ్గర బాగా వాసన వచ్చే ట్రీట్, అంటే దానికి ఇష్టమైన చిన్న తినుబండారం, పెట్టండి. నోరు తెరిచి బొమ్మ వదలగానే ట్రీట్ ఇచ్చేయండి. అది తింటుండగా రెండో చేత్తో బొమ్మ తీయండి. తర్వాత ఆ బొమ్మని దానికే తిరిగి ఇచ్చేయండి. ఈ తిరిగి ఇవ్వడమే పాఠానికి ప్రాణం. వదిలితే పోయేదేమీ లేదు, పైగా ఒకటి లాభం అని దానికి అర్థం కావాలి. పూటకి నాలుగైదు సార్లు చాలు.

రెండు మూడు రోజుల్లో అలవాటు పడ్డాక మాట చేర్చండి. "ఇచ్చెయ్" అనండి, ఒక్క క్షణం ఆగండి, ఆ తర్వాతే ట్రీట్ చూపండి. మాట, చెయ్యి ఒకేసారి కదిలితే కుక్క చేతినే చూస్తుంది, మాట చెవికెక్కదు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మాట వినగానే వదలడం మొదలయ్యాక ఇంకాస్త ఇష్టమైన వస్తువులకి వెళ్లండి. చెప్పుల వంతు ఆఖరున.

మీరు దగ్గరికి రాగానే కుక్క బిగుసుకుపోయినా, గుర్రుమన్నా, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసినా అక్కడితో ఆపేయండి. గుర్రుమన్నందుకు కొట్టొద్దు, అది కరిచే ముందు ఇచ్చే హెచ్చరిక. అనుభవమున్న ట్రైనర్ పక్కన లేకుండా ఈ సాధన కొనసాగించొద్దు.

చెప్పు తీసుకున్నప్పుడు మాత్రం తిరిగి ఇవ్వలేం కదా. బదులుగా దాని నమలుడు వస్తువు ఇవ్వాలి. బొటనవేలి గోరుతో నొక్కి చూడండి, కాస్తయినా నొక్కు పడాలి. పడకపోతే అది పంటికి మరీ గట్టి. జింక కొమ్ములు, గట్టి ఎముకల వల్ల పైదవడ పెద్ద పళ్లు చీలుతుంటాయి. ఉడికించిన ఎముకలు చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. పాత చెప్పు ఇచ్చి సరిపెట్టకండి. పాతదానికీ నిన్న కొన్నదానికీ తేడా మనకే, దానికి రెండూ ఒకే తోలు, ఒకే వాసన.

"ఇంటికి రాగానే తల దించుకుంటుంది, తప్పు చేశానని దానికి తెలుసు" అంటారు. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు దీన్ని పరీక్షించి చూశారు. యజమాని తిట్టినప్పుడు కుక్కలు ఎక్కువగా ఆ ముఖం పెట్టాయి, తప్పు చేశాయా లేదా అన్నదానితో పని లేకుండా. అంటే గంట కిందటి పనికి ఇప్పుడు తిడితే దానికి అర్థమయ్యేది మీ కోపం ఒక్కటే.

ఈ వారం పని: రోజుకి మూడు పూటలు మార్పిడి ఆట. నోట్‌బుక్‌లో రెండు గడులు గీయండి, చెప్పగానే వదిలినవి ఒకదాంట్లో, వదలనివి ఇంకోదాంట్లో. పదిలో ఎనిమిది సార్లు వదులుతుంటే నాలుగో పాఠానికి రండి. అందులో తిండిని గిన్నెలో పెట్టకుండా బొమ్మలో కూరి, అరగంట పని కల్పించడం నేర్చుకుందాం. అంతవరకు చెప్పులు అల్మారాలోనే.