ఇంజన్ మారిన బండి – ఆరో పాఠం: ఈసీఎం రిలే దగ్గర ఆగిపోయిన కరెంటు

గత పాఠంలో ఇంజన్‌ని మౌంటింగుల మీద దించి, కనెక్టర్లన్నీ ఒక్కొక్కటే 'టక్' అనేదాకా నొక్కి, బ్యాటరీ కట్టేశాం. ఇప్పుడు చాబీ తిప్పుతారు. సెల్ఫ్ జోరుగా కొడుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు.

సెల్ఫ్ కొట్టకముందే, చాబీ ఆన్‌లో పెట్టి మూడు సంగతులు గమనించండి. మీటర్ బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలగాలి. చాలా పెట్రోలు బండ్లలో వెనక సీటు కింద పంపు రెండు సెకన్లపాటు జుమ్మని ఆగాలి. స్కానర్ (తప్పులు చదివే పరికరం) పెడితే ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా, పలకాలి. ఈ మూడూ ఒకేసారి లేకపోతే పెట్రోలూ స్పార్కూ వెతకడం దండగ. ఈసీఎంకే కరెంటు అందడం లేదు. స్కానర్ ఈసీఎంతో బాగానే మాట్లాడుతూ, ఇమ్మొబిలైజర్ లైటు ఆరి వెలుగుతుంటే మాత్రం అది తాళం గుర్తింపు గొడవ. పాత బండి చాబీ, కొత్త ఇంజన్‌తో వచ్చిన ఈసీఎం ఒకదాన్నొకటి ఎరగవు. దాన్ని తర్వాత ఒక పాఠంలో విడిగా చూద్దాం.

ఈ దశలో షెడ్లలో తరచుగా వినబడే మాట, "ఈసీఎం పోయిందన్నా, వేరేది తేవాలె." ఓనరు అటు హైదరాబాద్ ఆటోనగర్‌కో ఇటు విజయవాడ ఆటోనగర్‌కో బస్సెక్కుతాడు. వేలు పోసి తెచ్చింది బిగించినా బండి అలాగే మొండికేస్తుంది. ఎందుకంటే దానికీ కరెంటు రాదు కదా! రిలే సాకెట్‌లో నాలుగు రంధ్రాలనూ కొలవకుండా ఈసీఎం మీద చెయ్యి వెయ్యకూడదు. ఈ ధారావాహిక మొత్తంలో నేను పట్టుబట్టి చెప్పే మాట ఏదైనా ఉందంటే ఇదే.

రిలే అంటే భయపడాల్సింది ఏమీ లేదు. బోరు మోటారు స్టార్టర్ డబ్బా మనవాళ్లందరికీ తెలిసిందే. పచ్చ బటన్ నొక్కితే లోపల చిన్న కాయిల్‌కి కరెంటు వెళ్తుంది, కాయిల్ పెద్ద పాయింట్లను లాగి కలుపుతుంది, మోటారుకి పోయే భారీ కరెంటు ఆ పాయింట్ల మీదుగా పారుతుంది. ఈసీఎం రిలే అదే పని 12 వోల్టుల మీద చేస్తుంది. కాయిల్ తినేది 0.15 ఆంపియర్ల చుట్టుపక్కల. పాయింట్లు మోసేది ఈసీఎం, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిళ్లు అన్నీ కలిపి పది ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

పిన్నుల నంబర్లు కంఠస్థం చెయ్యండి. 30లో బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా వచ్చే కరెంటు ఎప్పుడూ ఉంటుంది. 87 నుంచి అది ఈసీఎం వైపు వెళ్తుంది. 85, 86 కాయిల్ రెండు కొసలు. ఐదో పిన్ను 87ఎ ఉంటే అది కాయిల్ పని చేయనప్పుడు 30తో కలిసి ఉండేది, ఈ పనిలో దాంతో మనకు అవసరం పడదు.

చాలా బండ్లలో ఈ కాయిల్‌కి ఎర్త్ ఇచ్చేది బాడీ కాదు, ఈసీఎమ్మే. చాబీ ఆన్ చేయగానే సన్న వైరు ఒకటి ఈసీఎంని లేపుతుంది. అది లేచి 85కి ఎర్త్ ఇస్తుంది, రిలే కొడుతుంది, అప్పుడు ఈసీఎంకి పూర్తి కరెంటు వస్తుంది. చాబీ ఆఫ్ చేశాక కూడా కొన్ని సెకన్లు రిలేని పట్టి ఉంచి, నేర్చుకున్న విలువలు రాసుకుని, ఆ తర్వాతే వదిలేస్తుంది. అందుకే చాబీ తీసిన కాసేపటికి బానెట్ కింద 'టిక్' మని వినిపిస్తుంది. ఇంకొన్ని బండ్లలో చాబీ స్విచ్చే నేరుగా కాయిల్‌ని నడుపుతుంది. మీ బండి ఏ రకమో వైరింగ్ డయాగ్రమ్‌లో చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

కొలతకు ముందు

బ్యాటరీ నిలకడగా 12.6 వోల్టులు చూపాలి. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి జారకూడదు. నీరసపడ్డ బ్యాటరీ మీద రిలే కటకటా కొట్టుకుంటుంది, చూసేవాళ్లకు రిలే చెడిపోయినట్టే ఉంటుంది. ఇంజన్ మార్పిడి రోజుల తరబడి సాగిన బండిలో బ్యాటరీ దిగిపోయి ఉండటం మామూలే. కాబట్టి ముందు చార్జి పెట్టండి.

తర్వాత ఎర్త్. మార్కెట్లో దొరికే సెకండ్ హ్యాండ్ ఇంజన్లకు మెరుపు కోసం సిల్వర్ పెయింటు కొడుతుంటారు. బోల్టు కూర్చునే చోట కూడా ఆ రంగు పడి ఉంటుంది. ఈసీఎం ఎర్త్ వైర్లు చాలావాటిలో ఇంజన్ మీదే, ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గరో హెడ్ మీదో బిగుస్తాయి. రంగు మీద బిగిస్తే బోల్టు గట్టిగానే ఉంటుంది, ఎర్త్ మాత్రం దొరకదు. ఆ చోటును ఎమరీ పేపరుతో తెల్లటి లోహం కనబడేదాకా గీకండి. మీటరు నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర వైరు ఇంజన్ బ్లాక్ మీద పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టులు దాటిందంటే ఎర్త్ పట్టీ పని ఇంకా పూర్తి కాలేదు.

నాలుగు రంధ్రాలు, వరస తప్పకుండా

రిలేని సాకెట్ నుంచి పైకి లాగండి. నిటారుగా లాగాలి, పక్కకు వంచితే కింది టెర్మినళ్లు సాగిపోతాయి.

చాబీ ఆఫ్‌లో ఉండగానే 30 రంధ్రంలో బ్యాటరీ వోల్టేజీ ఉండాలి. లేకపోతే ఫ్యూజ్, లేదా బ్యాటరీ నుంచి ఫ్యూజ్ బాక్సుకు వచ్చే తీగ. ఇంజన్ దించేటప్పుడు విప్పి, మళ్లీ కట్టడం మరచిన లావు తీగ ఒకటి పాజిటివ్ టెర్మినల్ పక్కనే వేలాడుతూ దొరకడం అరుదేమీ కాదు. చాబీ ఆన్ చేసి 86 చూడండి, అక్కడా 12 రావాలి. కొన్ని బండ్లలో అది ఎప్పుడూ ఉంటుంది, కొన్నింటిలో చాబీతోనే వస్తుంది. 85, 86 పాత్రలు కొన్ని బండ్లలో అటూ ఇటూ మారి ఉంటాయి కూడా, కాబట్టి డయాగ్రమ్ దగ్గర పెట్టుకోండి.

85 దగ్గర ఒక్క జాగ్రత్త. ఇక్కడ 21 వాట్ల బల్బుతో టెస్ట్ చెయ్యొద్దు. ఆ బల్బు పావు తక్కువ రెండు ఆంపియర్లు లాగుతుంది. 85కి ఎర్త్ ఇచ్చే ఈసీఎం లోపలి ట్రాన్సిస్టరు అందులో పదో వంతు కాయిల్ కోసం పెట్టింది, బల్బు దెబ్బకు అది కాలిపోతే నిజంగానే ఈసీఎం మార్చాల్సి వస్తుంది. మీటరే వాడండి. ఎర్ర వైరు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల వైరు 85 రంధ్రంలో పెట్టి చాబీ ఆన్ చెయ్యండి. 12 దగ్గర చూపితే ఎర్త్ వస్తున్నట్టు. ఏమీ చూపకపోతే తొందరపడి ఈసీఎంని నిందించొద్దు. దాన్ని లేపే చాబీ వైరు, దాని ఎర్త్ వైర్లు, ఎప్పుడూ ఉండాల్సిన బ్యాటరీ వైరు, ఈ మూడూ ఈసీఎం కనెక్టర్ దగ్గరే కొలవండి. ఇంజన్ ఒక బండిదీ లోపలి వైరింగ్ ఇంకో బండిదీ అయినప్పుడు చాబీ వైరు కలవకపోవడం నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు. రంగు చూసి కలుపుతారు. మోడల్ మారితే రంగు మారుతుంది, పిన్ను నంబరు చూసి కలపాలి.

చివరిది 87. ఫ్యూజ్ ఉన్న జంపర్ వైరుతో 30ని 87కి కలపండి. ఫ్యూజ్ 10 లేదా 15 ఆంపియర్లది చాలు. చెక్ ఇంజన్ లైటు వెలిగి స్కానర్ పలికిందంటే 87 అవతల అంతా క్షేమమే, తప్పు రిలేలోనో కాయిల్ వైర్లలోనో ఉంది. ఫ్యూజ్ ఎగిరితే 87 అవతల ఎక్కడో వైరు ఇంజన్‌కి ఒరుసుకుని షార్ట్ అవుతోంది. ఈ జంపర్ పెట్టుకుని బండి తోలొద్దు. ఊరిదాకా నడుస్తుందిలే అని అలాగే వదిలేసేవాళ్లున్నారు. చాబీ తీసినా ఈసీఎంకి కరెంటు ఆగదు, బ్యాటరీ తెల్లారేసరికి దిగిపోవచ్చు, ప్రమాదం జరిగితే కరెంటు తెగే దారీ ఉండదు.

క్లిక్‌ని నమ్మొద్దు

ఇప్పుడు అసలు చిక్కు. రిలే 'క్లిక్' అంటే కాయిల్ బాగుందని మాత్రమే. పాయింట్లు కరెంటు మోస్తున్నాయో లేదో ఆ శబ్దం చెప్పదు.

నల్గొండలో ఒక షెడ్డుకి ఎండాకాలంలో వచ్చిన చిన్న పెట్రోలు కారు సంగతి చూడండి. ఇంజన్ మార్చిన తర్వాత నెల కూడా గడవలేదు. ఓనరు చెప్పింది ఇది: "పొద్దుగాల మంచిగనే అందుకుంటదన్నా. నార్కట్‌పల్లి దాక పోయి చాయ్ తాగి వస్తె, మళ్ల స్టార్ట్ అయితలేదు. అర్ధగంట బానెట్ ఎత్తిపెడితె అయితది."

"రిలే చూపిచ్చినవా తమ్మి?"

"చూపిచ్చిన. క్లిక్ కొడుతుంది, బాగుందన్నరు."

చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కితే మొరాయించేదాన్ని వేడి మీదే కొలవాలి. ఇంజన్ నడుస్తుండగా, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక, మీటరు ఒక కొన 30 వైరు మీద, ఇంకో కొన 87 వైరు మీద పెట్టాం. వైరు తొడుగు మీదుగా సన్న సూది గుచ్చితే సరిపోతుంది, తర్వాత ఆ చోట టేపు వెయ్యండి. మంచి రిలే అయితే 0.2 వోల్టుల లోపే చూపాలి. ఇక్కడ 2 చూపింది. పది ఆంపియర్ల దగ్గర 2 వోల్టులంటే 20 వాట్లు, అగ్గిపెట్టె అంత కూడా లేని డబ్బాలో సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టు. ఆ వేడికి కాయిల్ రాగి తీగ నిరోధం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 80 ఓములున్న కాయిల్ 80 డిగ్రీలకు దాదాపు 99 ఓములకు చేరుతుంది. లాగే బలం తగ్గుతుంది, పాయింట్లు ఇంకా వదులుగా ఆనుతాయి, వేడి ఇంకా పెరుగుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే మన దగ్గర బానెట్ కింద ఇది త్వరగానే ముదురుతుంది.

మూత ఊడదీసి చూస్తే పాయింటు వెండి రంగులో లేదు. నల్లగా, మధ్యలో గుంట పడి, చుట్టూ నీలం చార తేలి ఉంది. దాన్ని గీకి మళ్లీ వాడాలని చూడొద్దు. పై పూత పోయిన పాయింటు మళ్లీ అంటుకుంటుంది. అలాగే 30 పిన్ను చుట్టూ సాకెట్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. కొత్త రిలే పెట్టేముందు ఆ ఆడ టెర్మినల్ పట్టు చూశాం. విడి రిలే పిన్ను ఒక్కదాన్నే లోపలికి దూర్చి లాగితే పట్టుకున్నట్టు తెలియాలి. ఇక్కడ అది తనంతట తానే జారిపోయింది. టెర్మినల్ మార్చాక, కొత్త రిలే మీద అదే కొలత 0.06కి వచ్చింది. టెర్మినల్ అలాగే వదిలేసి రిలే మాత్రం మార్చి ఉంటే కొత్తదీ కొద్ది రోజుల్లో మాడేది.

1990ల నాటి హోండా కార్లలో ఇదే లక్షణానికి ఇంకో కారణం పేరుపడింది. డాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలే లోపల సోల్డర్ అతుకులు సన్నగా చీలేవి. ఎండలో నిలిపిన కారు అందుకునేది కాదు, చల్లబడితే అందుకునేది. మీ రిలే లోపల సర్క్యూట్ బోర్డు ఉంటే ప్రతి పిన్ను చుట్టూ ఉంగరంలా గీత పడిందేమో వెలుతురులో చూడండి.

కొత్త రిలే కొనేటప్పుడు

నాలుగు పిన్నులూ సాకెట్లో కూర్చున్నంత మాత్రాన అది సరైన రిలే కాదు. ఒకే ఆకారంలో రెండు రకాలు దొరుకుతాయి, వాటిలో 30, 86 స్థానాలు ఒకదానికొకటి మారి ఉంటాయి. తప్పు రకం పెట్టినా బండి స్టార్ట్ అవుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ కాయిల్ కోసం వేసిన సన్న వైరు మీద ఇంజన్ భారమంతా పడుతుంది. చిన్న ఫ్యూజ్ మాటిమాటికీ ఎగురుతుంది. 85 నేరుగా బాడీకి ఎర్త్ అయిన బండిలో అయితే రిలే చాబీ తీసినా వదలదు. 0.15 ఆంపియర్ల చొప్పున రోజుకు 3.6 ఆంపియర్ అవర్లు పోతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారం నిలబడటం కష్టం. రిలే పక్కన ముద్రించిన బొమ్మను, పాతదాని బొమ్మను పక్కపక్కన పెట్టి చదవండి.

అదే బొమ్మలో కాయిల్ పక్కన డయోడో రెసిస్టరో గీసి ఉంటే కొత్తదానిలోనూ అదే ఉండాలి. కాయిల్ వదిలేసిన క్షణంలో వంద వోల్టులు దాటే ఎదురుదెబ్బ పుడుతుంది, దాన్ని ఈసీఎం దాకా పోనివ్వకుండా అణచేది ఆ చిన్న భాగమే. డయోడ్ ఉన్నదాన్ని ప్లస్సూ మైనస్సూ తారుమారుగా కడితే కరెంటు డయోడ్‌లోంచి నేరుగా పారి, ఫ్యూజ్ పోతుంది లేదా ఈసీఎం ట్రాన్సిస్టరు పోతుంది. ఆంపియర్లు పాతదానికంటే తక్కువది తీసుకోవద్దు.

బండి కుదుటపడ్డాక, ఇంజన్ నంబరు మారింది కాబట్టి ఆర్‌టీఓ ఆఫీసులో ఆర్‌సీ మీద ఎక్కించే పని కూడా పెట్టుకోండి. ఇంజన్ కొన్న బిల్లు దాచండి.

వచ్చే పాఠానికి ముందు చెయ్యాల్సిన పని: స్క్రాప్ షాపులో పాత రిలేలు నాలుగైదు తెచ్చుకోండి. ఒక్కోదాని కాయిల్ ఓములు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, గంటసేపు ఎండలో పెట్టాక ఇంకోసారి కొలిచి రాయండి. డయోడ్ బొమ్మ ఉన్నదాన్ని ప్లస్సూ మైనస్సూ చూసి, చిన్న ఫ్యూజ్ మీదుగా 12 వోల్టులు ఇచ్చి కొట్టించండి. 30కి 12 వోల్టులు ఇచ్చి, 87కీ ఎర్త్‌కీ మధ్యలో ఈసారి 21 వాట్ల బల్బు నిశ్చింతగా కట్టొచ్చు. అది వెలుగుతుండగా పాయింట్ల మీద వోల్టేజీ ఎంత పడిపోతుందో చూడండి. ఎక్కువ పడిపోయినదాని మూత విప్పి పాయింటు ముఖం గమనించండి. ఏడో పాఠంలో ఈసీఎంకి కరెంటు అందినా స్పార్క్ రాని బండిని తీసుకుని, క్రాంక్ సెన్సర్‌కీ ఫ్లైవీల్ పళ్లకీ మధ్య ఖాళీ కొలవడం మొదలుపెడదాం.