చేపల మేత కోసం ఇంటి దగ్గరే పురుగులను పెంచడం ఎలా?

చేపల పెంపకంలో పెట్టే ఖర్చులో పెద్ద వాటా మేతకే పోతుంది. మేతలోనూ ఎక్కువ ఖరీదు పలికేది మాంసకృత్తులనిచ్చే దినుసు, అంటే సాధారణంగా సముద్రపు చిరుచేపలను ఎండబెట్టి చేసిన పొడి. ఈ పొడిలో కొంత భాగానికి బదులుగా ఈగ పిల్లపురుగులను వాడుకోవచ్చునని చాలాకాలంగా తెలిసినదే. కూరగాయల తొక్కలు, మాగిపోయిన పండ్లు, తవుడు వంటి వాటిని తిని రెండు మూడు వారాల్లో మేతగా మారే ఈ పురుగులను పెరట్లో ఒక మూల, నాలుగైదు ప్లాస్టిక్ ట్రేలలో పెంచవచ్చు. అయితే ఈ పని మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ ఒక విషయాన్ని ముందే గుర్తుంచుకోవాలి. పురుగు తిన్నది చేపలోకి చేరుతుంది, చేప తిన్నది మనిషి పళ్లెంలోకి వస్తుంది. అందువల్ల పురుగులకు ఏం పెడుతున్నామన్నదే ఈ పెంపకంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న.

ఏ ఈగను ఎంచుకోవాలి?

ఇంటి ఈగ పురుగులు నాలుగైదు రోజుల్లోనే మేతకు అందుతాయి కనుక చాలామందికి మొదట వాటిపైనే మనసు పోతుంది. ఇంటి దగ్గర వాటిని పెంచడం మంచిది కాదు. ఇంటి ఈగ మలం మీదా వాలుతుంది, అన్నం మీదా వాలుతుంది. విరేచనాల వ్యాధులను మోసుకొచ్చే ఈగను మన చేతులతో పెంచి పొరుగిళ్లకు వదలడం ఏ విధంగానూ సరికాదు.

ఇందుకు తగినది బ్లాక్ సోల్జర్ ఫ్లై. అమెరికా ఖండాలలో పుట్టిన ఈ ఈగ నేడు ప్రపంచంలోని వెచ్చని ప్రాంతాలన్నిటా కనిపిస్తుంది. నల్లగా, సన్నగా, 15 నుంచి 20 మిల్లీమీటర్ల పొడవుతో చూడడానికి కందిరీగలా ఉన్నా, దీనికి కొండి లేదు, ఇది కుట్టదు. ఎదిగిన ఈగకు మేత అవసరం లేదు. పురుగుగా ఉన్నప్పుడు కూడబెట్టుకున్న కొవ్వుతోనే బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆహారం కోసం వెతుక్కునే పని లేనందువల్ల ఇది వంటింట్లోకి వచ్చి తినే పదార్థాల మీద వాలదు. ఈ పురుగులు దట్టంగా ఉన్న చోట ఇంటి ఈగలు గుడ్లు పెట్టడం కూడా తగ్గుతుంది.

చోటు, ట్రేలు

వాన జల్లు, నేరుగా ఎండ తగలని, గాలి బాగా ఆడే చోటు కావాలి. 27 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఈ పురుగులు చక్కగా పెరుగుతాయి. చలి ఎక్కువైతే ఎదుగుదల మందగిస్తుంది. వేడి 40 డిగ్రీలు దాటితే పురుగులు మేత వదిలి బయటికి పాకడం మొదలుపెడతాయి.

సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ట్రే ఒకటి దాదాపు 10,000 పురుగులకు సరిపోతుంది. ట్రేలను ఒక స్టాండు మీద ఉంచి, స్టాండు కాళ్లను నీళ్లు పోసిన గిన్నెలలో నిలబెట్టాలి. ఈ పెంపకానికి చీమలే పెద్ద శత్రువులు. గుడ్లను, పసి పురుగులను అవి ఒక్క రాత్రిలో ఊడ్చేస్తాయి. బల్లులు, ఎలుకలు, ఇతర ఈగలు రాకుండా ట్రేలపై సన్నని వల బిగించాలి. ట్రే గోడలు తడిగా ఉంటే చిన్న పురుగులు వాటిని పట్టుకుని పైకి ఎక్కిపోతాయి కనుక మేత వేసేటప్పుడు గోడలకు అంటకుండా చూసుకోవాలి, అంటితే తుడిచేయాలి.

గుడ్లు సేకరించడం

ఇప్పటికే పెంచుతున్నవారి దగ్గర గుడ్లు గానీ పసి పురుగులు గానీ తెచ్చుకోవడం సులువైన దారి. వెచ్చని కాలంలో పరిసరాల్లోని ఈగలను రప్పించి కూడా గుడ్లు సేకరించవచ్చు. తడిపి రెండు మూడు రోజులు పులియబెట్టిన తవుడును గానీ, మాగిన పండ్ల ముక్కలను గానీ ఒక బకెట్‌లో వేసి, నీడలో ఉంచాలి. ఈ ఈగ మేత మీద నేరుగా గుడ్లు పెట్టదు. మేతకు దగ్గరగా ఉన్న పొడి సందుల్లో పెడుతుంది. కాబట్టి లోపల మడతలున్న అట్టముక్కలను, లేదా మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండేలా ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన చెక్క బద్దలను, తడి తగలకుండా బకెట్ పైభాగాన అమర్చాలి. ఒక్కో ఆడ ఈగ ఒకే విడతలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. మీగడ రంగులో, మిల్లీమీటరు పొడవుతో, గుత్తులుగా అంటుకుని ఉండే ఆ గుడ్లను రోజూ చూసి తీసుకోవాలి. ఒక గ్రాములో దాదాపు 40,000 గుడ్లుంటాయి. అన్నీ బతకవు గానీ, ఒక ట్రేకు అర గ్రాములోపు గుడ్లు చాలు.

బకెట్‌లోని మేతలో ఇంటి ఈగ పురుగులు చేరవచ్చు. వాటిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అవి తెల్లగా, మెత్తగా, నున్నగా, ముందువైపు సన్నగా, వెనుకవైపు మొద్దుగా ఉంటాయి. బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగు బల్లపరుపుగా, కణుపులు స్పష్టంగా తెలిసేలా, గట్టి చర్మంతో ఉంటుంది. ఇంటి ఈగ పురుగులు కనిపించిన మేత మీద వేడినీళ్లు పోసి, గోతిలో పూడ్చివేయాలి.

పసి పురుగుల సంరక్షణ

ఒక చిన్న డబ్బాలో తడిపిన కోళ్ల దాణా గానీ తవుడు గానీ వేసి, దానికి మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున జల్లెడ మీద గుడ్లు ఉంచాలి. సుమారు నాలుగు రోజుల్లో గుడ్లు పొదిగి, కంటికి ఆనీ ఆననట్టుండే పురుగులు మేతలోకి రాలుతాయి. మరో ఐదారు రోజులకు అవి రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుకు వస్తాయి. అంతవరకు డబ్బాను కదిలించకుండా, మేత పైన పొర ఎండిపోకుండా కాపాడి, ఆ తరువాత వాటిని ట్రేలోకి మార్చాలి. ఇంత చిన్న పురుగులకు తొక్కలు, ఆకులు అరగవు. మొదటి వారం మెత్తని, పుష్టికరమైన మేత పెట్టడంలో పిసినారితనం చూపకూడదు.

పురుగులకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు?

పచ్చి కూరగాయల తొక్కలు, పండ్లు, తవుడు, ధాన్యం పిండి చేయగా మిగిలిన పొట్టు, నూనె తీసిన చెక్క మంచి మేత. వీటిని ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలుగా తరగాలి లేదా కచ్చాపచ్చాగా దంచాలి. గడ్డి, కొమ్మలు, రంపపు పొట్టు వంటి పీచు పదార్థాలను ఈ పురుగులు దాదాపుగా తినలేవు.

పురుగులు పేడను, మలాన్ని, కుళ్లిన మాంసాన్ని కూడా తింటాయి. అవి తింటాయన్నది నిజమే అయినా, చేపల మేత కోసం పెంచే పురుగులకు అవి పెట్టకూడదు. 2017లో ఐరోపా సమాఖ్య కీటకాల మాంసకృత్తులను చేపల మేతలో వాడేందుకు అనుమతించినప్పుడు కూడా, ఆ కీటకాలకు పేడను, వండిన ఆహార వ్యర్థాలను పెట్టరాదన్న నిబంధనను కొనసాగించింది. ఉప్పు, నూనె ఎక్కువగా ఉన్న మిగులు పదార్థాలు, పురుగుమందు చల్లిన ఆకులు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని చెత్త పూర్తిగా మానాలి. కాడ్మియం అనే విషలోహం మేతలో ఉంటే అది పురుగు శరీరంలో పోగుపడుతుంది. ఉడికించినా ఎండబెట్టినా పోదు. చేపల తలలు, పేగులు పెట్టడం కూడా ప్రమాదమే, ఎందుకంటే ఒక చెరువులోని చేపల రోగం ఆ దారిన మళ్లీ చేపలకే చేరవచ్చు.

ఒక ట్రేలోని 10,000 పురుగులు పన్నెండు రోజుల్లో సుమారు 15 కిలోల తడి మేత తింటాయి. దాన్ని ఒకేసారి వేయకుండా మూడు విడతలుగా వేయాలి. మేత మందం ఏడెనిమిది సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే అడుగున గాలి అందక కుళ్లిపోతుంది.

తేమను సరిగ్గా ఉంచడం ఈ పనిలో అలవడవలసిన అసలు నేర్పు. మేతలో 60 నుంచి 70 శాతం తేమ ఉండాలి. దీనికి పరికరమేమీ అక్కర్లేదు. గుప్పెడు మేతను గట్టిగా పిండినప్పుడు వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయినట్టు. ధారగా కారితే తవుడు కలపాలి, అసలు తడి రాకపోతే నీళ్లు చిలకరించాలి. పుల్లని వాసన గానీ ఘాటైన అమ్మోనియా వాసన గానీ వస్తే, పురుగులు తినగలిగినదానికన్నా ఎక్కువ వేశామని అర్థం. అప్పుడు ఒకటి రెండు రోజులు మేత ఆపి, పొడి పదార్థం కలిపి, మొత్తాన్ని తిరగేయాలి. సరిగ్గా నడుస్తున్న ట్రే దగ్గర ముక్కు మూసుకోవలసిన అవసరం రాదు. పురుగులు గుంపుగా కదలడం వల్ల పుట్టే వేడితో ట్రే మధ్యభాగం చుట్టూ ఉన్న గాలికన్నా వేడిగా ఉంటుంది కనుక, ఎండలు ముదిరినప్పుడు పురుగుల సంఖ్యను తగ్గించి పల్చగా పరచడం మేలు.

పురుగులను తీయడం, శుద్ధి చేయడం

ట్రేలోకి మార్చిన పన్నెండు రోజులకు, అంటే పొదిగిన రెండున్నర వారాలకు, పురుగులు మీగడ రంగులో బాగా బలుస్తాయి. అక్కడక్కడ నల్లబడిన పురుగు ఒకటి రెండు కనిపించగానే తీయడానికి సమయమైందని తెలుసుకోవాలి. నల్లబడినవి మేత మానేసి, ఎండు చోటు వెతుక్కుంటూ ఏటవాలు గోడలెక్కి వాటంతట అవే బయటికి వస్తాయి. 30 నుంచి 45 డిగ్రీల వాలు పలకను అమర్చితే చివరన పెట్టిన డబ్బాలో పడతాయి. ఇది చూడడానికి ముచ్చటైన ఏర్పాటే గానీ, నల్లబడిన పురుగుల పైతొక్క గట్టిపడి ఉంటుంది కనుక చేపల మేతకు మీగడ రంగులో ఉన్నవే మేలు.

తీయడానికి రెండు మూడు రోజుల ముందు మేత ఆపితే మిగులు పొడిబారి జల్లెడకు చక్కగా దిగుతుంది. జల్లెడ పట్టిన పురుగులను ఒక రోజు పొడి తవుడులో ఉంచితే కడుపు ఖాళీ అవుతుంది. తరువాత కడిగి, మరుగుతున్న నీటిలో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీయాలి. దీనివల్ల పురుగులు వెంటనే చనిపోతాయి, వాటిపై ఉన్న సూక్ష్మక్రిములు చాలావరకు నశిస్తాయి, రంగు నల్లబారదు. నిల్వ చేయదలిస్తే వల కప్పి ఎండలో పల్చగా ఆరబెట్టాలి, లేదా 60 డిగ్రీల వేడిలో, విరిస్తే పుటుక్కున విరిగేంతవరకు ఎండబెట్టాలి. కొవ్వు ఎక్కువ కనుక గాలి తగిలితే ముక్కవాసన వస్తుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి నెల రెండు నెలల్లో వాడేయాలి.

పది కిలోల తడి మేతకు ఒకటి నుంచి రెండు కిలోల పచ్చి పురుగులు వస్తాయి. పచ్చి పురుగులో మూడింట రెండు వంతులు నీరే. అందువల్ల మూడు కిలోల పచ్చి పురుగులను ఒక కిలో ఎండు మేతగా లెక్కించాలి.

చేపలకు పెట్టడం

ఎండిన పురుగులో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 30 శాతం వరకు కొవ్వు ఉంటాయి. ఇంత పుష్టి ఉన్నా పురుగులనే పూర్తి మేతగా పెట్టకూడదు. సముద్రపు చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులు వీటిలో చాలా తక్కువ, పైతొక్కలో ఉండే కైటిన్ అనే గట్టి పదార్థం అరగడం కష్టం. మొదట రోజువారీ మేతలో ఎండు లెక్కన పదో వంతుతో ప్రారంభించి, చేపలు ఆసక్తిగా తింటూ చక్కగా పెరుగుతుంటే నాలుగో వంతు వరకు పెంచుకోవచ్చు. కొర్రమీను, జెల్లల జాతులు, తిలాపియా వీటిని ఇష్టంగా తింటాయి. గడ్డి చేప, వెండి చేప వంటి వాటికి ఇది తగిన మేత కాదు. చిన్న చేపలకు పురుగులను ముక్కలు చేసి గానీ, పొడి చేసి తవుడుతో ముద్ద కట్టి గానీ పెట్టాలి. ఇరవై నిమిషాల తరువాత కూడా మిగిలి ఉంటే తీసివేసి, మరుసటి పూట తగ్గించాలి.

తరువాతి విడతకు

ప్రతిసారీ పదో వంతు పురుగులను విత్తనంగా విడిచిపెట్టాలి. అవి నల్లబడ్డాక చీకటిగా ఉండే డబ్బాలో పొడి కొబ్బరి పొట్టు వేసి ఉంచితే, రెండు వారాల పైచిలుకులో ఈగలవుతాయి. వాటిని కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న దోమతెరలో, ఉదయపు ఎండ నేరుగా పడేచోట ఉంచాలి. సూర్యకాంతి లేకపోతే ఇవి సరిగ్గా జతకట్టవు, మామూలు బల్బు వెలుగు ఇందుకు చాలదు. రోజుకు రెండుసార్లు తెర మీద నీళ్లు చిలకరిస్తూ, లోపల మేత బకెట్‌ను, దానిపైన చెక్క బద్దలను అమర్చితే, కొద్ది రోజులకే గుడ్లు దొరుకుతాయి. ట్రేలలో మిగిలిన పొడి ఎరువును నేరుగా మొక్కలకు వేయకుండా, కొన్ని వారాలు కుప్పగా పోసి మాగనిచ్చిన తరువాత వాడుకోవాలి.