మూడు రోజుల సెలవులో యూటా వెళ్లి స్కీయింగ్ నేర్చుకోవడం ఎలా?

జనవరిలో మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ డే, ఫిబ్రవరిలో మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఈసారి స్కీయింగ్‌కి పోదామా" అన్న మాట సాధారణంగా ఈ రెండు లాంగ్ వీకెండ్ల ముందే లేస్తుంది. మాట లేవడం తేలికే. తీరా వెళ్లాక శనివారం సగం రోడ్డు మీద, ఇంకో సగం బూట్లు అద్దెకిచ్చే షాపు క్యూలో పోతుంది. ఆదివారం కాస్త పట్టు దొరికేసరికి సోమవారం విమానం. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు చూసుకోవాల్సిన లెక్క ఒక్కటే: మంచు మీద నిలబడే గంటలు ఎన్ని మిగులుతాయి? ఎక్కడికి, ఎప్పుడు, ఎవరితో అన్నవన్నీ ఆ లెక్క మీదే తేల్చుకోండి.

ముందు ఊరు ఎంచుకోండి

అందరి నోటా మొదట వచ్చే పేరు కొలరాడో. మంచి చోటే, కాదనను. కానీ డెన్వర్ ఎయిర్‌పోర్టు నుంచి అక్కడి పేరున్న స్కీ ఊరు బ్రెకెన్‌రిడ్జ్ దాదాపు 100 మైళ్లు. ఐ-70 హైవే మీద సెలవు శనివారం పొద్దున్నే డెన్వర్ జనమంతా ఆ కొండల వైపే కదులుతారు. పైగా బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తున ఉంది. డాలస్ నుంచో ఎడిసన్ నుంచో సరాసరి అక్కడ దిగితే మొదటి రాత్రి తలనొప్పితో నిద్ర పట్టనివాళ్లు చాలామంది.

వారం రోజులుంటే అది వేరే సంగతి. మూడు రోజులే అయితే నా ఓటు యూటాకి, అందులోనూ పార్క్ సిటీకి. సాల్ట్ లేక్ సిటీ ఎయిర్‌పోర్టు నుంచి ఐ-80 మీద ముప్పావుగంట ప్రయాణం. ఊరు 7,000 అడుగుల దగ్గర ఉంటుంది. ఒకప్పుడు వెండి గనుల ఊరు. 2002 వింటర్ ఒలింపిక్స్ పోటీలు కొన్ని ఇక్కడే జరిగాయి. ఊళ్లో తిరిగే బస్సులు ఉచితం. అద్దె కారు లేకపోయినా గడిచిపోయే స్కీ ఊళ్లు అమెరికాలో చాలా తక్కువ.

ఇక్కడ రెండు పెద్ద రిసార్టులున్నాయి. పార్క్ సిటీ మౌంటెన్ 7,300 ఎకరాలు. ఆ అంకె చూసి మురిసిపోకండి, మొదటిసారి వెళ్లేవాళ్లు తిరిగేది అందులో ఒక మూల. రెండోది డీర్ వ్యాలీ. అక్కడ స్నోబోర్డింగ్ (రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించి జారడం) ఒప్పుకోరు. మీ గుంపులో బోర్డు కావాలనే కుర్రాడు ఒక్కడున్నా డీర్ వ్యాలీని పక్కన పెట్టాల్సిందే. పక్క లోయల్లో ఉన్న ఆల్టా, స్నోబర్డ్, బ్రైటన్ పేర్లు కూడా వింటారు. వీటిలో ఆల్టాలో బోర్డింగ్ లేదు. ఆ లోయల రోడ్లలో మంచు పడిన రోజున మంచుకు తగిన టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవో, మంచు టైర్లో, చెయిన్లో లేని కారును పైకి పోనివ్వరు. ఆల్టా దారిని హిమపాతాల భయంతో గంటల తరబడి మూసేయడమూ మామూలే. తెలిసినవాళ్లు ఆ మంచు కోసం అవన్నీ భరిస్తారు. మీరు ఈసారికి వద్దు.

జనవరి వాళ్లకు ఒక మాట. సన్‌డాన్స్ సినిమా పండుగ ఏళ్ల తరబడి జనవరి చివర్లో పార్క్ సిటీలోనే జరిగేది, ఆ రోజుల్లో గదులు దొరకడమే గగనం. 2027 నుంచి అది కొలరాడోలోని బౌల్డర్‌కు వెళ్లిపోతోంది.

టికెట్లు దసరా నాటికే చూసుకోండి

కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టులు ఎక్కడానికి కావాల్సిన లిఫ్ట్ టికెట్‌ను ఆ రోజు కౌంటర్ దగ్గర కొనడమంత దండగ ఇంకోటి లేదు. పార్క్ సిటీలో సెలవు రోజున మనిషికి 300 డాలర్లు దాటిపోతుంది. అదే కొండకు సీజన్ మొదలుకాకముందే ఎపిక్ డే పాస్ (కావాల్సిన రోజులకు ముందుగా కొనుక్కునే లిఫ్ట్ పాస్) కొంటే అంతకన్నా చాలా తక్కువలో వస్తుంది. డిసెంబర్ మొదట్లో ఆ అమ్మకం ఆపేస్తారు కాబట్టి క్రిస్మస్ సెలవుల్లో తీరిగ్గా చూద్దాం అనుకుంటే కుదరదు.

అయితే పాస్ కొనేముందు ఒకటి చూసుకోండి. బొత్తిగా కొత్తవాళ్లకిచ్చే ట్రైనింగ్ ప్యాకేజీల్లో కొన్నింట్లో పాఠంతో పాటు నేర్చుకునే చిన్న వాలు దగ్గరి లిఫ్టూ, స్కీల అద్దే కలిపి ఉంటాయి. అలాంటిది దొరికితే మొదటి రోజుకు విడిగా టికెట్ అక్కర్లేదు. ముందు పాఠం బుక్ చేసి, తర్వాతే టికెట్ సంగతి చూడండి. సెలవు వారాల్లో ముందుగా నిండిపోయేవి పిల్లల క్లాసులే.

పాఠం డబ్బు మిగుల్చుకోకండి

గుంపులో ఒకడుంటాడు. "మా బావ రెండేళ్లుగా స్కీ చేస్తున్నాడు రా, ఆయన నేర్పిస్తాడు, క్లాసుకి అంత డబ్బెందుకు" అంటాడు. ఆ బావగారికి స్కీ చేయడం వచ్చు, నేర్పడం రాదు. పది నిమిషాలు చూపించి, "ఇంతే, ఏం లేదు" అని లిఫ్టెక్కించి పైకి తీసుకుపోతాడు. పైనుంచి చూస్తే కిందకి దారి కనబడదు. ఇక భర్త భార్యకు నేర్పుతుంటే ఆ లిఫ్ట్ క్యూలో నిలబడి వినండి, సంసారంలోని పాత లెక్కలన్నీ అక్కడే తేలుతుంటాయి. హోటల్లో ఒక మెట్టు తగ్గండి, బయట తిండి ఒక పూట మానండి, మొదటి రోజు క్లాసు మాత్రం మానకండి.

బట్టలు

కొనాల్సినవి తక్కువే. ఒంటికి అంటుకుని ఉండే పాలిస్టర్ లేదా ఉన్ని లోపలి బట్టలు, పైన ఫ్లీస్, ఆపైన నీరు లోపలికి రాని జాకెట్, ప్యాంటు. జీన్స్, కాటన్ బనియన్లు వద్దు. మంచులో రెండుసార్లు పడగానే తడిసి ముద్దవుతాయి, ఇక ఆరవు. జాకెట్, ప్యాంటు స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు, అద్దెకూ దొరుకుతాయి. చేతికి మంచి గ్లవ్స్, కళ్లకు గాగుల్స్ ఉండాలి. మంకీ క్యాప్ హెల్మెట్ కింద పట్టదు, తల, మెడ కప్పే పల్చటి బలాక్లావా కొనండి. ఆ ఎత్తున ఎండ గట్టిగా తగులుతుంది, మంచు మీద నుంచి తిరిగి మొహానికి కొడుతుంది. సన్‌స్క్రీన్ రాయని చోట సాయంత్రానికి నల్లబడి మండుతుంది, గడ్డం కింద కూడా.

శుక్రవారం రాత్రి బూట్ల దగ్గర తొందరపడకండి

శుక్రవారం సాయంత్రానికల్లా పార్క్ సిటీ చేరేలా విమానం చూసుకోండి. బసకు పోయేముందే అద్దె షాపుకు వెళ్లండి. ముందురోజు సాయంత్రం తీసుకుంటే ఆ పూటకు అద్దె వేయని షాపులు చాలానే ఉన్నాయి. శనివారం పొద్దున అదే షాపులో గంట క్యూ.

స్కీలు ఎలాంటివిచ్చినా మొదటి రోజు మీకు తేడా తెలియదు. బూటు మాత్రం తెలుస్తుంది, రోజంతా తెలుస్తుంది. పల్చటి, మోకాలి దాకా వచ్చే సాక్స్ ఒక్క జతే వేసుకోండి. చలని రెండు జతలు వేస్తే రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. లోపలి ప్యాంటు అంచును బూటులోకి దోపకండి, ఆ మడత మధ్యాహ్నానికి పిక్క ఎముకను కోసేస్తుంది. బూటు బకిల్స్ పెట్టుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగలాలి. మోకాళ్లు వంచి ముందుకు వాలితే వేళ్లు వెనక్కి జరిగి వదులవ్వాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. మామూలు బూట్లకన్నా బిగుతుగా అనిపించడం సహజమే. నొప్పి పుడితే మాత్రం మొహమాటపడకుండా ఇంకో జత అడగండి.

షాపులో మీ బరువు, ఎత్తు, వయసు, అనుభవం అడుగుతారు. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఎంత బలానికి ఊడాలో ఆ లెక్కతోనే బిగిస్తారు. నలుగురిలో బరువు చెప్పడానికి సిగ్గుపడి తగ్గించి చెబితే ఊరికే ఊడిపోతుంది. గొప్పకు పోయి "నాకు బాగా వచ్చు" అంటే ఊడాల్సినప్పుడు ఊడదు, మోకాలు మెలి తిరుగుతుంది. ఉన్నదున్నట్టు చెప్పండి. హెల్మెట్ కూడా అక్కడే తీసుకోండి.

బసలో వంట గురించి

వంటగది ఉన్న కాండోలో నాలుగు కుటుంబాలు కలిసి దిగడం మనవాళ్ల పద్ధతి, ఖర్చుకీ కలిసొస్తుంది. అయితే 7,000 అడుగుల ఎత్తున నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాదు, 93 డిగ్రీలకే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా అంతకుమించి వేడెక్కవు. అందుకే మామూలు గిన్నెలో కందిపప్పు గంటయినా బద్దలుగానే ఉంటుంది, రైస్ కుక్కర్‌లో అన్నం పలుకు మిగులుతుంది. ప్రెషర్ కుక్కరో ఇన్‌స్టంట్ పాటో వెంట తెచ్చుకోండి. అన్నానికి బియ్యం అరగంట నానబెట్టి, నీళ్లు కాస్త ఎక్కువ పోయండి. పులిహోర, చపాతీలు ఇంటి నుంచే తెచ్చుకుంటే మొదటి రాత్రి ఏ గొడవా ఉండదు. జేబులోకి పల్లీ చిక్కీ మంచిది. చలికి చాక్లెట్ బార్ రాయిలా బిగుసుకుపోతుంది, చిక్కీ ఎలాగూ రాయే కాబట్టి కొత్త బాధేం లేదు.

ఆ రాత్రి నీళ్లు బాగా తాగండి, మందు రేపటికి వాయిదా వేయండి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడకముందే తాగితే తలనొప్పి రెట్టింపవుతుంది. ఇంకో సంగతి: తాగి కారు నడిపే విషయంలో రక్తంలో ఆల్కహాల్ హద్దు మిగతా రాష్ట్రాల్లో 0.08 అయితే యూటాలో 0.05. ఒక్క బీరేగా అనుకోవద్దు.

శనివారం క్లాసులో ఏం జరుగుతుంది

బూట్ల అడుగున అంటిన మంచు గీకేసి స్కీ మీద కాలు నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. మొదట ఒక్క స్కీతో చదును నేల మీద జారిస్తారు. తర్వాత స్కీల ముందు కొనలు దగ్గర పెట్టి, వెనక కొనలు దూరంగా తోసి ఆగడం నేర్పుతారు. పిల్లలకు దీన్ని పిజ్జా ముక్క అని చెబుతారు, పెద్దలూ అదే అంటారు. మలుపు తిప్పడానికి ఎడమ పాదం మీద బరువు వేస్తే కుడికి, కుడి పాదం మీద వేస్తే ఎడమకు తిరుగుతారు. మొదటి గంట ఇది తలకెక్కదు. తర్వాత కాళ్లే చూసుకుంటాయి.

భయం వేయగానే ఒళ్లు వెనక్కి వాలుతుంది. చెడగొట్టేది అదే. బరువు వెనక్కి పోతే స్కీల ముందు భాగం మాట వినదు, వేగం పెరుగుతుంది. పిక్కల ముందు భాగం బూటుకు ఆనుతోందా లేదా అని మిమ్మల్ని మీరే అడుగుతుండండి. చేతులు ముందుకు, చూపు దూరానికి. పడేటట్టుంటే పక్కకు కూలబడండి. లేవాలంటే ముందు రెండు స్కీలనూ వాలుకు అడ్డంగా, మీకంటే కిందవైపు ఉండేలా తిప్పండి. కొనలు కిందికి చూస్తుంటే నిలబడేలోపే జారిపోతారు.

చెయిర్‌లిఫ్ట్ దగ్గర కొత్తవాళ్లందరికీ గుండె దడే. స్కీ కర్రలు (పోల్స్) ఒక చేతిలోకి తీసుకుని, తల వెనక్కి తిప్పి వచ్చే కుర్చీని చూస్తూ కూర్చోవడమే. అడ్డకడ్డీ కిందికి దించండి. పైన స్కీ కొనలు ఎత్తి, చదును రాగానే లేచి, తిన్నగా జారుతూ పక్కకు పోండి. దిగిన చోటే ఆగి ఫొటో తీశారో, వెనక కుర్చీవాళ్లు మీ మీదే దిగుతారు. "మొదటిసారి, నెమ్మదిగా" అని లిఫ్ట్ దగ్గరున్న మనిషికి చెబితే వేగం తగ్గిస్తారు.

పార్క్ సిటీ మౌంటెన్ కింద ఉన్న వాలు పేరే ఫస్ట్ టైమ్. అదే రిసార్టులో రెండో వైపైన కాన్యన్స్‌లో దిగితే రెడ్ పైన్ గొండోలాలో (మూసిన డబ్బా లాంటి లిఫ్టులో) పైకి వెళ్లి హై మెడో దగ్గర నేర్చుకోవచ్చు, గొండోలాలో కాబట్టి స్కీలు విప్పి కూర్చునే వెళ్తారు.

ఆదివారం

పొద్దున లిఫ్టులు తెరిచే వేళకే అక్కడుండండి. పది దాటాక క్యూలు పెరుగుతాయి. దారుల బోర్డుల మీద పచ్చ వృత్తం అంటే తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. ఆ గుర్తులు ఏ కొండకు ఆ కొండ లెక్కే, వేరే చోట నీలం చేశానని ఇక్కడ నీలానికి పోకండి. మీకంటే కింద ఉన్నవాళ్లదే దారి. వెనకనుంచి వచ్చేవాళ్లే తప్పుకోవాలి. నిన్నటి క్లాసులో ఆగడం, రెండు వైపులా తిరగడం వచ్చేసినవాళ్లకు హోమ్ రన్ మంచి బహుమతి: పైనుంచి కింది దాకా 3.5 మైళ్ల పచ్చ దారి. మధ్యాహ్నం మూడు తర్వాత కొండ మీది జనమంతా ఆ దారినే ఇళ్లకు దిగుతారు, ఆ లోపే వెళ్లి రండి. భోజనం పదకొండుకో ఒంటిగంటన్నరకో పెట్టుకుంటే టేబుల్ దొరుకుతుంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను బసలోనే కూర్చోబెట్టకండి. దగ్గర్లోని యూటా ఒలింపిక్ పార్క్‌లో మ్యూజియం, బాబ్‌స్లెడ్ ట్రాక్ చూడొచ్చు. మిడ్‌వే దగ్గర సోల్జర్ హాలోలో ట్యూబ్ మీద కూర్చుని జారవచ్చు, నేర్చుకోవాల్సిందేమీ లేదు. తిరుగు ప్రయాణంలో సౌత్ జోర్డన్‌లోని గణేశుడి గుడి కూడా ఉంది. వాళ్లు స్కీ చేస్తామని ముచ్చటపడితే మాత్రం విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు ముందే చదవండి. సాహస క్రీడల దెబ్బలకు డబ్బు ఇవ్వమని రాసి ఉన్న పాలసీలు ఉంటాయి.

సోమవారం

సాయంత్రం విమానమైతే పొద్దున రెండు మూడు గంటలు మంచు మీద గడపొచ్చు. అంతకుమించి వద్దు, తొడలు అప్పటికే అలిసి ఉంటాయి, "ఇంకొక్కసారి" అని వెళ్లినప్పుడే కాళ్లు మాట వినవు. పదకొండున్నరకల్లా అద్దె సామాను తిరిగిచ్చి, తడి గ్లవ్స్, సాక్స్ విడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టండి. సెలవు సోమవారం మధ్యాహ్నం ఐ-80 కిందికి నెమ్మదిగా కదులుతుంది, ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ క్యూ కూడా అంతే. విమానానికి కనీసం మూడున్నర గంటల ముందు పార్క్ సిటీ దాటండి, మంచు పడుతుంటే ఇంకో గంట కలుపుకోండి.