ఎదుటోడు బెట్ వేశాడు, ఇప్పుడేంటి?

పోకర్‌లో ఎదుటోడు చిప్స్ ముందుకి తొయ్యగానే మనం వాడి మొహం చూస్తాం, బ్లఫ్ ఆ కాదా అని. మొహం సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన చిప్స్‌లో 100 ఉంది, వాడు 50 వేశాడు, మీరు కాల్ చేసి, అంటే వాడు వేసినంతే ఇంకో 50 పెడితే మొత్తం 200, అంటే నాలుగు కాల్స్‌లో ఒక్కటి గెలిచినా పెట్టింది పెట్టినట్టు వచ్చేస్తుంది. పాట్ అంత వేస్తే మూడింట్లో ఒకటి గెలవాలి, పాట్‌కి డబుల్ వేస్తే 40 శాతం. టర్న్ (అందరికీ కలిపి బోర్డు మీద పరిచే నాలుగో ముక్క) మీద ఫ్లష్ డ్రాతో, అంటే చేతిలో, బోర్డు మీద కలిపి ఒకే గుర్తు ముక్కలు నాలుగుండి ఐదోది కోసం చూస్తూ ఉన్నారనుకోండి, మిగిలిన 46 ముక్కల్లో మీకు పనికొచ్చేవి 9, సుమారు 20 శాతం, సో సగం పాట్ బెట్‌కి కాల్ చెయ్యడం నష్టమే, రివర్‌లో, అంటే చివరిదైన ఐదో ముక్క పడ్డాక వాడు ఇంకా కొంత ఇస్తాడు అనిపిస్తే తప్ప.

కానీ లెక్క సగమే, వేసింది ఎవడు అన్నది మిగతా సగం. ఇది నాకు చేతులు కాలాక తెలిసింది. నా దగ్గర రాజు, రాణి, బోర్డు మీద రాజు, ఎనిమిది, మూడు, ఆరు, రెండు. పాట్ 120, రివర్‌లో నేను 60 వేశా, రెండు గంటల నుంచి కాల్ తప్ప ఇంకేం చెయ్యని మనిషి 240కి రెయిజ్ చేశాడు, అంటే నా బెట్‌ని పెంచాడు. ఇంకో 180 పెడితే 600 పాట్, 30 శాతం గెలిస్తే చాలు కదా అని కాల్ కొట్టా. మూడు మూళ్ళు చూపించాడు. అలాంటోడు రివర్‌లో రెయిజ్ చేస్తే పదిసార్లకి ఒక్కసారి కూడా బ్లఫ్ ఉండదు, అక్కడ 30 శాతం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? ఫోల్డ్ చేసి, అంటే ముక్కలు పడేసి నీళ్ళు తాగడమే.

ప్రీఫ్లాప్ (బోర్డు మీద ముక్కలు పడకముందు) రెయిజ్ చేసినోడు ఫ్లాప్‌లో (మొదటి మూడు ముక్కలు పడ్డాక) చిన్న బెట్ వేస్తే మాత్రం భయపడొద్దు, చాలామందికి అది అలవాటు. ఏదో ఒక జత ఉంటే కాల్ చెయ్యండి, టర్న్‌లో చెక్ చేశాడంటే (ఏమీ వెయ్యకుండా వదిలేస్తే) మీరు వెయ్యండి.

పాట్ కంటే పెద్ద బెట్ అంటే గట్టి ముక్కలైనా ఉండాలి, ఏమీ లేకుండానైనా ఉండాలి, మధ్యరకంతో ఎవడూ అంత పెట్టడు. అప్పుడు మీ చేతిలో ఏ ముక్క ఉందో చూసుకోండి. బోర్డు మీద మూడు ఇస్పేట్లు ఉండి ఇస్పేట్ ఆసు మీ దగ్గరుంటే, ఆసుతో వచ్చే పెద్ద ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) వాడి దగ్గర ఉండే ఛాన్సే లేదు, ఉత్త జతతో కూడా కాల్ గురించి ఆలోచించొచ్చు.

ఇక ప్రతి చేతికీ రెయిజ్ కొట్టే పిచ్చోడు దొరికాడా, మంచి ముక్కలు పడ్డాయని తిరిగి రెయిజ్ చేసి వాణ్ణి తరిమెయ్యకండి. చెక్, కాల్, చెక్, కాల్. వాడి చిప్స్ వాడే తెచ్చి పాట్‌లో పోస్తాడు.