మనసు బాగాలేనప్పుడు నడక ఎలా మొదలుపెట్టాలి: మన కర్నూలు ఎండల్లో

టెన్షన్, దిగులు, నిద్ర పట్టకపోవడం, ఉత్తపుణ్యానికి ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం, ఇలాంటివి ఉండి నడక మొదలుపెట్టేవాళ్లు దయచేసి బరువు చూసుకోవద్దు. బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, మనసుకి మాత్రం ఒక్కోసారి నడిచొచ్చిన ఆ పూటే తేడా తెలుస్తుంది. రాత్రి ఎప్పుడు నిద్రపట్టింది, పగలు చిరాకు ఎంతుంది, ఈ రెండూ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి చాలు.

మొదటి వారం పది నిమిషాలే. దిగులుగా ఉన్న మనిషిని గంట నడవమంటే మంచం కూడా దిగరు, వీధి చివరిదాకా వెళ్లి రమ్మంటే వెళ్తారు. అవుట్‌డోర్ స్టేడియం దగ్గరైతే అక్కడికి, లేకపోతే కేసీ కెనాల్ వైపు, ఒంటరిగా వెళ్లడం ఇబ్బందైతే పక్కింటి అక్కని తోడు పిలవండి, అదీ కుదరకపోతే మేడమీదే తిరగండి. వేసవిలో మనకి ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటుంది కాబట్టి ఆరింటికల్లా బయటపడాలి, పైగా పొద్దుటి వెలుతురు కంట్లో పడితే రాత్రి వేళకి నిద్ర వస్తుంది.

వేగం ఎంతంటే, మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మెల్లగా పెంచుకుంటూ రోజుకి 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులకి చేరండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు అదే. వారంలో రెండు రోజులు గుంజీళ్లు కూడా తీయండి.

ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. వాళ్లకి గుండె దడదడలాడినా, చెమట పట్టినా, ఆయాసం వచ్చినా ఏదో అయిపోతోందని భయం వేస్తుంది, ఆ భయంతో దడ ఇంకా పెరుగుతుంది. వేగంగా నడిచినప్పుడు కూడా అచ్చం అవే వస్తాయి, కాసేపు కూర్చుంటే అవే తగ్గిపోతాయి. రోజూ ఇలా జరుగుతుంటే దడ వస్తే ప్రమాదమేమీ కాదని ఒంటికే అర్థమవుతుంది, ఎవరెంత ధైర్యం చెప్పినా కుదరని పని ఇది. గుండె జబ్బుంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి.

నడుస్తున్నాం కదా అని మందులు మానేయొద్దు. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే నడకతో సరిపెట్టుకోకండి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు అడగరు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. లిథియం (బైపోలార్ లాంటి మూడ్ జబ్బులకి ఇచ్చే మందు) వాడేవాళ్లు మన ఎండల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి: చెమట ఎక్కువ పోయి ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగిపోతుంది. నీళ్ల బాటిల్ వెంట పెట్టుకోండి, చేతులు వణుకుతున్నా, వాంతులవుతున్నా నడక ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.