బెలూన్ ట్రాకర్ మూగబోతే: సంకేతం ఆగిన ఎత్తును బట్టి కారణం వెతకడం

30 కిలోమీటర్ల ఎత్తుకు వదిలిన బెలూన్ నుంచి ట్రాకర్ రేడియోలో పంపే సమాచారపు ముక్కలు, అంటే ప్యాకెట్లు, ఆగిపోగానే అందరమూ మొదట రేడియోనే అనుమానిస్తాము. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతం నుంచి మేము వదిలిన పేలోడ్లను, అంటే బెలూన్ మోసుకెళ్లే పరికరాల పెట్టెలను, వెతికి తెచ్చి విప్పి చూసినప్పుడు మాత్రం, లోపం ఎక్కువసార్లు విద్యుత్ సరఫరాలోనే బయటపడింది. అందువల్ల ప్రతి ప్యాకెట్‌లోనూ స్థానంతో పాటు బ్యాటరీ వోల్టేజి, పెట్టె లోపలి ఉష్ణోగ్రత, అందుతున్న ఉపగ్రహాల సంఖ్య, ప్రాసెసర్ ఎన్నిసార్లు రీసెట్ అయిందన్న లెక్క తప్పక పంపాలి. ఈ నాలుగు అంకెలు లేనిదే కింద చెప్పిన కారణాలలో ఏది అసలైనదో తేల్చడం సాధ్యం కాదు.

ప్యాకెట్లు వస్తున్నాయి, స్థానం మాత్రం 12 కిలోమీటర్ల దగ్గర నిలిచిపోయింది

యూబ్లాక్స్ నియో-6ఎం వంటి జీపీఎస్ మాడ్యూళ్లు మన చేతికి వచ్చేసరికి ‘పోర్టబుల్’ అనే డైనమిక్ మోడల్‌లో (మాడ్యూల్ ఎలా కదులుతుందో ముందే అనుకునే అమరికలో) ఉంటాయి. ఆ మోడల్‌కు ఎత్తు పరిమితి 12,000 మీటర్లు. దానిని 6వ సంఖ్య గల ‘ఎయిర్‌బోర్న్ 1జీ’ మోడల్‌కు మారిస్తే పరిమితి 50,000 మీటర్లకు పెరుగుతుంది. ఇది చాలామంది చేస్తూనే ఉన్నారు కానీ, ఆదేశాన్ని నేల మీద ఒక్కసారి పంపి ఊరుకుంటున్నారు. గాలిలో ఒక్క క్షణం కరెంటు తగ్గి మాడ్యూల్ మళ్లీ మొదలైతే అది పాత మోడల్‌కు వెళ్లిపోవచ్చు. కనుక ఆదేశాన్ని కొన్ని నిమిషాలకొకసారి పంపుతూ, ప్రస్తుతం ఏ మోడల్ నడుస్తున్నదో చదివి ప్యాకెట్‌లో చేర్చాలి.

స్థానం 18 కిలోమీటర్ల దగ్గర ఆగితే కారణం వేరు. ఎగుమతి నియంత్రణల వల్ల జీపీఎస్ రిసీవర్లకు 18,000 మీటర్ల ఎత్తు, సెకనుకు 515 మీటర్ల వేగం హద్దులుగా పెట్టారు. కొన్ని రిసీవర్లు రెండూ దాటినప్పుడే ఆగుతాయి, కొన్ని ఏ ఒక్కటి దాటినా ఆగిపోతాయి. రెండో రకం మన పనికి రాదు.

వోల్టేజి తగ్గుతోంది, రీసెట్ల లెక్క పెరుగుతోంది

మన అక్షాంశాలలో గాలి అన్నిటికంటే చల్లగా ఉండేది 16, 17 కిలోమీటర్ల దగ్గర, అక్కడ ఉష్ణోగ్రత సుమారు మైనస్ 80 డిగ్రీలకు దిగుతుంది. చలి దేశాలవారు తమ ఆకాశాన్ని బట్టి రాసిన మైనస్ 55 లెక్కను నమ్ముకుని పెట్టె కడితే, ఎండలకు పేరుపడిన మన జిల్లాల మీద అది చాలదు. సెకనుకు 5 మీటర్ల చొప్పున ఎక్కే బెలూన్ 12 నుంచి 20 కిలోమీటర్ల వరకు ఉన్న పొరను దాటడానికి దాదాపు 27 నిమిషాలు పడుతుంది. ఆ చలిలో ఆల్కలైన్ సెల్, లిథియం పాలిమర్ బ్యాటరీ రెండింటిలోనూ అంతర్గత నిరోధం పెరుగుతుంది. మల్టీమీటర్ పెడితే వోల్టేజి సరిగానే కనిపిస్తుంది కానీ, ప్యాకెట్లను పంపే లోరా రేడియో మాడ్యూల్ పూర్తి శక్తితో ప్రసారం చేస్తూ 120 మిల్లీయాంపియర్లు లాగిన క్షణంలో అది కుంగిపోయి ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. కనిగిరి దగ్గర మేము వదిలిన ఒక పేలోడ్ 14 కిలోమీటర్లు దాటగానే పదే పదే మొదటి ప్యాకెట్‌నే పంపుతూ ఉండటానికి కారణం ఇదేనని, అది కిందికి వచ్చి వెచ్చబడిన తరువాత దానంతట అదే కోలుకోవడం చూశాకే మాకు అర్థమైంది.

పరిష్కారంగా మైనస్ 40 వరకు పని చేసే లిథియం ఐరన్ డైసల్ఫైడ్ ఏఏ సెల్స్ వాడాలి. ఒక్కొక్కటి సుమారు 15 గ్రాములే ఉంటుంది, ధర ఎక్కువైనా ఇక్కడ పొదుపు చేయకూడదు. అయితే కొత్త సెల్ లోడ్ లేనప్పుడు దాదాపు 1.8 వోల్టులు చూపుతుంది కాబట్టి, మూడు కలిపితే 5.4 వోల్టులవుతాయని గుర్తుంచుకుని రెగ్యులేటర్‌ను (బోర్డుకు వోల్టేజిని స్థిరంగా అందించే భాగాన్ని) ఎంచుకోవాలి. ప్రసార క్షణంలో కావలసిన కరెంటును అందించడానికి రేడియో మాడ్యూల్ పక్కనే ఒక పెద్ద కెపాసిటర్ పెట్టాలి. సెల్స్‌ను థర్మాకోల్ పెట్టె గోడకు ఆనించకుండా, వేడినిచ్చే బోర్డు పక్కన మధ్యలో ఉంచాలి.

పరీక్షకు ఇంటి ఫ్రీజర్‌లోని మైనస్ 18 డిగ్రీలు సరిపోవు. నెల్లూరు తీరంలో రొయ్యలను గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజర్లు మైనస్ 35 దాకా వెళ్తాయి. అనుమతి అడిగి, పేలోడ్‌ను ప్రసారం చేస్తున్న స్థితిలోనే మూడు గంటలు అందులో ఉంచగలిగితే అంతకంటే మంచి పరీక్ష మనకు అందుబాటులో లేదు.

వోల్టేజి తగ్గకుండానే, బెలూన్ పగిలిన క్షణంలో అంతా ఒక్కసారిగా ఆగితే స్ప్రింగ్ హోల్డర్‌లో సెల్ కదిలిందని అర్థం. ట్యాబ్‌లు (లోహపు పట్టీలు) ఉన్న సెల్స్ తీసుకుని వాటికే సోల్డర్ చేయాలి.

20 కిలోమీటర్లు దాటాక పెట్టె లోపల వేడెక్కుతోంది

బయట అంత చలి ఉన్నా ఇది జరుగుతుంది. 30 కిలోమీటర్ల ఎత్తులో గాలి పీడనం నేల మీద ఉన్నదానిలో దాదాపు నూరో వంతే కాబట్టి, రెగ్యులేటర్ వేడిని మోసుకుపోవడానికి తగినంత గాలి ఉండదు. రెగ్యులేటర్ నుంచి అల్యూమినియం పట్టీ ఒకటి వేస్తే సరిపోతుంది, దానిని సెల్స్ వైపు నడిపితే వృథా అయ్యే వేడి వాటికి ఉపయోగపడుతుంది.

కెమెరా మొదలుపెట్టగానే ఉపగ్రహాలు తగ్గిపోయాయి

జీపీఎస్ సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్ వద్ద అతి బలహీనంగా వస్తుంది, వీడియో కెమెరా నుంచి వెలువడే రేడియో రొద దానిని ముంచేస్తుంది. జీపీఎస్ ఏంటెన్నాను పెట్టె పైభాగంలోనూ కెమెరాను అడుగునా పెట్టి, మధ్యలో సర్క్యూట్ గ్రౌండ్‌కు కలిపిన రాగి రేకు అడ్డం ఉంచాలి. వదిలే రోజున కాకుండా ముందు రోజే అన్నీ ఆన్ చేసి చూడాలి.

నెత్తిమీద ఉన్నప్పుడు సంకేతం పోతోంది

నిలువు ఏంటెన్నా తన కొన దిశలో ప్రసరించదు. ప్యాకెట్లను అందుకునే నేల మీది రిసీవర్‌ను, బెలూన్ వదిలిన చోటికి కొన్ని కిలోమీటర్ల అవతల ఉంచితే ఇబ్బంది తీరుతుంది.

దిగే ముందు చివరి ఐదు వందల మీటర్లలో మాయమైంది

ఇది లోపం కాదు, భూమి అడ్డం వచ్చింది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు 14 కిలోమీటర్లకు పైన తూర్పు నుంచి బలమైన గాలి వీస్తుంది కనుక, పేలోడ్ వెలిగొండల వైపు జరిగి కొండల చాటున దిగవచ్చు. శీతాకాలంలో పడమటి గాలులు దానిని బంగాళాఖాతం వైపు నెడతాయి కాబట్టి, కావలి, కొత్తపట్నం వంటి తీరప్రాంతాల నుంచి అప్పుడు వదలకపోవడమే మేలు. ఎప్పుడు వదిలినా విమానయాన అధికారుల అనుమతి, శ్రీహరికోట ప్రయోగాల వేళలు ముందుగా చూసుకోవాలి. సిమ్‌కార్డు ట్రాకర్‌ను రెండో తోడుగా పెట్టవచ్చు కానీ, సెల్ టవర్ల ఏంటెన్నాలు నేల వైపు వంగి ఉంటాయి కనుక అది పైన పని చేయదు. దిగిన ఊరికి సిగ్నల్ ఉంటేనే పలుకుతుంది.

అందువల్ల రెండో రిసీవర్‌తో ఒకరిని ముందే గాలి దిశలోని గుట్ట మీదికో ఎత్తైన మేడ మీదికో పంపాలి. ఎత్తు మారడం ఆగగానే ట్రాకర్ నిమిషానికొక ప్యాకెట్‌కు తగ్గి, మరునాటి సాయంత్రం వరకు పలుకుతూ ఉండేలా ప్రోగ్రాం రాయాలి. పెట్టె మీద లోపల ప్రమాదకరమైనదేమీ లేదని, దొరికితే ఈ నంబరుకు ఫోన్ చేయమని పెద్ద తెలుగు అక్షరాలతో రాయండి, ఎందుకంటే ఆ కొండవాలులో దానిని మనకంటే ముందు చూసేది గొర్రెలు కాసేవారే.